ఎర్ర చుక్క, మైనం ముక్క

"రిపోర్టు వచ్చిందా అన్నా?"

టీ తాగడానికి మెట్లు దిగేటప్పుడు ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడగని రోజుండదు. నారాయణగూడ చౌరస్తా నుంచి కాస్త లోపలికి నడిస్తే వచ్చే గల్లీలో మా ల్యాబు. కౌంటర్లో కూర్చునేది నేను కాదు. రిపోర్టు రాసేదీ నేను కాదు. ఆ రెంటికీ మధ్య, పై అంతస్తులో, ఫార్మలిన్ వాసన కొట్టే గదిలో ఉంటాను. హిస్టోపాథాలజీ టెక్నీషియన్ అంటారు. డాక్టర్లు ఒంట్లోంచి తీసి పంపిన ముక్కను మైక్రోస్కోపు కిందికి పోయేలా తయారుచేసే పని నాది. తెల్లకోటు చూసి డాక్టరనుకునేవాళ్లు కొందరు. అసలు సంగతి తెలిసి, "నీ చేతిమీదుగానే పోయుంటుందిగా, ఒక్క మాట చెప్పు తమ్ముడూ" అని చెయ్యి పట్టుకునే చిక్కడపల్లి పెద్దమ్మలు కొందరు.

నాకు కనిపించేవి గులాబీ రంగు, నీలం రంగు. అందులో ఏం రాసుందో చదవడం వేరే చదువు. ఆ మాట చెబితే నమ్మరు, దాస్తున్నాననుకుంటారు. ముక్క ఇచ్చిన దగ్గర్నుంచి కాగితం చేతికొచ్చేదాకా లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ నాలుగైదు రోజులు కొంచెమైనా నిద్రపడుతుందేమోనని ఇది రాస్తున్నాను. వైద్యం చెప్పడం నా పని కాదు. ఇన్నేళ్లుగా స్కిన్ డాక్టర్లు నింపి పంపిన ఫారాలు చదివి, మా పాథాలజిస్టు మేడమ్ పక్కన నిలబడి వింటూ తెలుసుకున్న సంగతులివి.

ముందుగా ఒకటి. ఒంటి మీద లేచే ఎర్ర చుక్కల్లో చాలావాటికి మా గదిదాకా రావాల్సిన అవసరమే లేదు.

ముప్పై దాటాక పొట్ట మీద, ఛాతీ మీద, భుజాల మీద మిల్లీమీటరో రెండో ఉండే నిగనిగలాడే ఎర్ర చుక్కలు చాలామందికి వస్తాయి. నొప్పి ఉండదు, దురద ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ లెక్క పెరుగుతుంది. చర్మం పైపొర కింద సన్నటి రక్తనాళాలు ముడిపడి కట్టిన ముద్దలవి. చెర్రీ ఆంజియోమా అంటారు. పంచాంగంలో పుట్టుమచ్చల ఫలితాలు చూసేవాళ్లు ఎర్రది కలిసొస్తుందేమోనని వెతుకుతారు, ఫోన్లో చూసేవాళ్లు హడలిపోతారు. ఫోన్ చూసి హడలిపోవడంలో వాళ్ల తప్పేం లేదు. లండన్‌లో మిడిల్‌సెక్స్ ఆసుపత్రి సర్జన్ క్యాంప్‌బెల్ డి మోర్గాన్ అంతటివాడు కూడా 1872లో, తన క్యాన్సర్ రోగుల ఒంటి మీద ఈ చుక్కలు కనిపిస్తున్నాయని, రెంటికీ లంకె ఉందని రాశాడు. క్యాన్సర్లు ఎక్కువయ్యేది పెద్ద వయసులో, ఈ చుక్కలు ఎక్కువయ్యేదీ ఆ వయసులోనే. లంకె అంతవరకేనని తరవాత తేలింది. చుక్కలకు మాత్రం ఆయన పేరు ఉండిపోయింది.

మా పక్కనే ఉన్న అశోక్‌నగర్ హాస్టళ్లలో కనిపించే చుక్కలు వేరు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పరుగు, రాత్రి స్టడీ హాల్, మధ్యలో మెస్సు. పరుపులు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంటాయి, వాటితోపాటు నల్లులూ మారుతుంటాయి. నల్లి కుట్టిన ఎర్ర దద్దు చాలాసార్లు ఒంటరిగా ఉండదు, దుప్పటి కప్పని చోట మూడో నాలుగో వరసలో ఉంటాయి. గజ్జి అయితే వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, నడుం చుట్టూ. రాత్రిపూట దురద ప్రాణం తీస్తుంది. దానికి ఒక్కడు మందు రాసుకుంటే చాలదు, గదిలో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. ఆ ఐదుగుర్నీ ఒకే రాత్రి గదిలో ఉంచడం కుదరకే గజ్జి అక్కడ నెలల తరబడి తిరుగుతుంది. వానాకాలంలో ఇంకోటి. ట్యూబ్‌లైటు కింద చదువుకుంటుంటే మెడ మీద సన్నటి పురుగు వాలుతుంది, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే దాన్ని నలిపేస్తారు. పొద్దుటికి అక్కడ గీత గీసినట్టు ఎర్రగా మంట. ఆ పురుగు కుట్టదు. నలిగినప్పుడు దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. ఉఫ్‌మని ఊదేసి, ఆ చోట సబ్బుతో కడిగేస్తే అయిపోయేది.

ఇక తామర. గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో తేటగా ఉండే మచ్చ. చెమట ఆరని జీన్సు, సగం ఆరిన లోదుస్తులు దానికి పండగ. మెడికల్ షాపులో "దురదకు ఏదైనా ఇవ్వన్నా" అంటే చేతిలో పడే ట్యూబులో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండ్రోజుల్లో ఎరుపు, దురద తగ్గుతాయి. ఫంగస్ తగ్గదు, హాయిగా పాకుతుంది. నెల తిరిగేసరికి గుండ్రటి ఆకారం కూడా చెరిగిపోయి, అదేమిటో స్కిన్ డాక్టరు కూడా చూడగానే చెప్పలేని స్థితికొస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ పైపూత మందులను చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. కౌంటర్ల మీద ఆ చీటీ అడగడం నేను చూసింది తక్కువ. ముక్కలో ఫంగస్ కోసం మేము పీఏఎస్ అనే రంగు వేస్తాం. ఫంగస్ దారాలు ముదురు గులాబీ రంగులో కనిపిస్తాయి. ఒక క్రీము ట్యూబు దగ్గర మొదలైన కథ అలా మా స్లైడు మీద తేలుతుంది. డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు ఏమేం పూశారో సిగ్గుపడకుండా చెప్పండి, ఖాళీ ట్యూబు ఉంటే అదే పట్టుకెళ్లండి.

అశ్రద్ధ చెయ్యకూడని చుక్కలకు వద్దాం. దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. పారదర్శకంగా ఉండే గాజు గ్లాసు తీసుకుని, దాని పక్కభాగాన్ని చుక్క మీద ఆనించి నొక్కి, గాజులోంచి చూడండి. ఎరుపు మాయమైతే రక్తం ఇంకా నాళాల్లోనే ఉన్నట్టు. దద్దుర్లు, ఎలర్జీ ఎరుపు చాలావరకు ఇలా పోతాయి. నొక్కినా చుక్క అలాగే ఉంటే రక్తం నాళం దాటి చర్మంలోకి వచ్చినట్టు. చెర్రీ ఆంజియోమా కూడా ఒక్కోసారి పూర్తిగా పోదు కాబట్టి ఏళ్లుగా ఉన్న చుక్క మీద ఈ పరీక్ష చేసి కంగారుపడొద్దు. నిన్న లేనివి ఇవాళ గుంపుగా వస్తే, నొక్కినా పోకపోతే, జ్వరం కూడా ఉంటే గ్లాసు పక్కన పెట్టి ఆసుపత్రికి బయల్దేరాలి.

ఇక్కడ పుస్తకాలతో ఒక చిక్కుంది. బొమ్మలన్నీ తెల్లతోలు మీదివి. మన ఒంటి మీద ఎరుపు ఎర్రగానే కనిపించాలని లేదు. చామనఛాయ మీద ఊదా రంగులో, నలుపు మీద ఇంకా ముదురుగా, ఒక్కోసారి అసలు కనిపించకుండా ఉంటుంది. అలాంటప్పుడు అరచేతులు, అరికాళ్లు, నోట్లో అంగిలి, కింది కనురెప్ప లోపలివైపు చూడాలి. మా మేడమ్ ఇంటర్న్‌లకు చెప్పే మొదటి మాట ఇదే.

వానలు మొదలయ్యాక మా పరిసరాల్లో అందరి నోటా ప్లేట్‌లెట్లే. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉండాలి. డెంగీలో అవి పడిపోతాయి, కాళ్ల మీద సూదిమొనంత చుక్కలు తేలతాయి. దగ్గర్లోనే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ఉంది. మలేరియా క్రిమిని దోమ కడుపులో 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో కనిపెట్టిన సర్ రొనాల్డ్ రాస్ పేరు పెట్టిన ఆసుపత్రి అది. అక్కడ వరసలో నిలబడ్డవాళ్లు జ్వరం తగ్గగానే ఇంటిదారి పడతారు. డెంగీలో జాగ్రత్తగా కాచుకోవాల్సింది జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, ఇవి అప్పుడే మొదలవుతాయి. ఒళ్లునొప్పులకు ఆస్ప్రిన్, ఐబుప్రోఫెన్ వద్దు, పారాసెటమాల్ ఒక్కటే. బొప్పాయాకు కోసం పక్కింటి చెట్టు దూసేసే శ్రద్ధలో సగం ఓఆర్ఎస్ తాగించడంలో పెట్టినా మేలు.

జ్వరం లేకుండా, పిల్లవాడు పాలిపోయి, నీరసపడి, ఒంటి మీద ఇలాంటి చుక్కలు, తగలకుండానే కమిలిన మచ్చలు కనిపిస్తే డాక్టరు ముందు రాసేది సీబీపీ అనే రక్తపరీక్ష. చర్మం ముక్క కాదు. ఎముక మూలుగలో లుకేమియా అనే రక్త క్యాన్సర్ లాంటి తేడా ఉంటే రక్తమే ముందు చెబుతుంది. లుకేమియా పిల్లలకు మందన్నదే లేని రోజుల్లో, 1947 చివర బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఇచ్చిచూసిన అమినోప్టెరిన్‌ను తయారుచేసింది లెడర్లీ కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. కొందరు పిల్లల్లో జబ్బు కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గింది. 1948లో ఫార్బర్ ఆ సంగతి ప్రచురించిన రెండు నెలలకే, ఆగస్టులో సుబ్బారావు పోయారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడిలాంటిదే మెథోట్రెక్సేట్. అదీ ఆ ల్యాబులోదే. ఇవాళ చిక్కడపల్లిలో ఏ స్కిన్ డాక్టరు దగ్గరికెళ్లినా సోరియాసిస్ ఎర్ర మచ్చలు ముదిరితే తరచూ రాసేది అదే. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ మాత్ర అనుకుని వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చీటీలో "వీక్లీ" అన్న మాట ఉందేమో రెండుసార్లు చదవండి.

మరి ముక్క ఎప్పుడు తియ్యాలి? చుక్క వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా ఉండి, నొక్కినా పోకపోతే రక్తనాళాల గోడల్లో వాపు అని అనుమానిస్తారు. వాస్క్యులైటిస్ అంటారు. గొంతు ఇన్ఫెక్షన్ తరవాతో, కొత్త మందు వేసుకున్నాకో ఇలా రావచ్చు. మూత్రపిండాలకు తగిలిందేమో చూడ్డానికి మూత్రపరీక్ష కూడా రాస్తారు. ఇక్కడ ముక్క పరీక్షకు ముహూర్తం ఉంటుంది. చుక్క లేచి ఒకటి రెండు రోజులైతే మంచి ముక్క. పాతబడితే ఆనవాళ్లు చెరిగిపోతాయి. డాక్టరు ఇవాళ తీద్దామంటే బోనాలయ్యాక వస్తామనొద్దు. నెలల తరబడి మానని ఎర్ర మచ్చ, మందుకు లొంగనిది, పెరుగుతున్నది, పుండుపడి రక్తం కారేది కూడా ముక్కకు వస్తాయి. నల్లతోలు మీద చర్మ క్యాన్సర్ అరుదే. వచ్చినప్పుడు మెలనోమా అరికాళ్ల మీద, అరచేతుల్లో, గోళ్ల కింద దాక్కోవడం ఎక్కువ.

"కత్తి తగిలితే పాకుతుందటగా?" అని ప్రతి ఇంట్లో ఒకరైనా అంటారు. చర్మం ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు. అదేమిటో తెలియకుండా ఆర్నెల్లు పూతమందులు పూస్తూ కూర్చుంటే మాత్రం ఉన్న జబ్బు ముదురుతుంది. తీసేది మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క. మత్తు సూది పొడిచినప్పటి మంటే అసలు బాధ. ఆ తరవాత గుండ్రటి అంచున్న పంచ్ అనే పరికరాన్ని తిప్పుతూ దింపి, లోపలి కొవ్వుదాకా ముక్కను ఎత్తుతారు. న్యూయార్క్ డాక్టరు ఎడ్వర్డ్ కీస్ 1887లో పరిచయం చేసిన పనిముట్టు. ఇప్పుడు వాడి పారేసేది వస్తోంది కానీ, రూపం పెద్దగా మారలేదు. ఒకటో రెండో కుట్లు. ముఖం మీదైతే వారం లోపు, కాళ్ల మీదైతే రెండు వారాలదాకా ఆగి తీస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

ముక్క పడేది ఫార్మలిన్‌లో. 1893లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లుమ్ అనే డాక్టరు క్రిములను చంపడానికి దీన్ని పరీక్షిస్తూ, తన వేళ్ల చర్మమే గట్టిపడటం గమనించాడు. అలా దొరికిందీ వాడకం. ముక్క కుళ్లకుండా, ఉన్నది ఉన్నట్టు గట్టిపడి నిలుస్తుంది. చాలాసార్లు ఆ బాటిల్‌ను ఇంటివాళ్లే బండి మీద మా దగ్గరికి తెస్తారు. ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు. మూత బిగించి, పేరు చూసుకుంటే చాలు. ముక్కకు పదింతలు ఫార్మలిన్ ఉండాలి. ఒకసారి ఎక్కడినుంచో ఒక ముక్క ఉత్త సెలైన్‌లో వచ్చింది, అదీ ఎండలో ఊరంతా తిరిగి. దాన్ని బతికించడం ఎవరి తరమూ కాలేదు, ఆ మనిషికి మళ్లీ సూది, మళ్లీ కుట్టు. తమాషా ఏమిటంటే, వాస్క్యులైటిస్‌కో బొబ్బల జబ్బులకో చేసే ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షకు ఫార్మలిన్ పనికిరాదు. ఆ రెండో ముక్కకు వేరే ద్రవం, వేరే బాటిల్. రెండు బాటిళ్లు చేతికిస్తే, ఏది దేనికో డాక్టరు దగ్గరే అడిగి రాయించుకోండి.

ఇక మా గది. సాయంత్రం వచ్చిన ముక్క రాత్రంతా ఫార్మలిన్‌లో ఉంటుంది. అది పూర్తిగా ఇంకకపోతే తరవాతి పనులన్నీ చెడతాయి. పొద్దున మేడమ్ ముక్కను కొలిచి, రంగు, ఆకారం చెబుతుంటే నేను రాసుకుంటాను. దాన్ని చిల్లుల ప్లాస్టిక్ పెట్టెలో పెడతాం. దాని మీద నంబరు పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా ఆల్కహాల్లో కొట్టుకుపోతుంది. పంచ్ ముక్క మరీ చిన్నది, చిల్లుల్లోంచి జారిపోకుండా కాగితంలో పొట్లం కట్టి, ఒక చుక్క ఇయోసిన్ రంగు తగిలిస్తాను. మర్నాడు తెల్లటి మైనంలో తెల్లటి ముక్కను వెతుక్కోకుండా. ఆ పెట్టెలన్నీ సాయంత్రం యంత్రంలోకి వెళతాయి. అది రాత్రంతా నడుస్తుంది. ముందు తక్కువ గాఢత ఆల్కహాల్, ఆ తరవాత ఎక్కువ గాఢతది, ముక్కలోని నీరంతా లాగేస్తుంది. జైలీన్ ఆల్కహాల్‌ను తోసేస్తుంది. చివర 60 డిగ్రీల దగ్గర కరిగిన మైనం లోపలిదాకా ఇంకుతుంది. ఇందులో ఏ మెట్టునూ తొందరపెట్టలేం. తొందరపెడితే ముక్క మధ్యలో మెత్తగా మిగిలి, కోసేటప్పుడు ఊడి పడిపోతుంది.

మర్నాడు పొద్దున ఇనుప అచ్చులో మైనం పోసి ముక్కను నిలబెడతాను. చర్మం విషయంలో మొత్తం కిటుకు ఇక్కడే. బొబ్బట్టును పడుకోబెట్టి పైనుంచి గీకితే పిండే కనిపిస్తుంది, నిలబెట్టి కోస్తే పైపొర, పూర్ణం, కిందిపొర మూడూ ఒకేసారి కనిపిస్తాయి. చర్మమూ అంతే. పైపొర, దాని కింద రక్తనాళాలున్న పొర, ఆ కింద కొవ్వు, అన్నీ ఒకే కోతలో పడాలి. ముక్క కాస్త వాలినా మేడమ్ "మళ్లీ పెట్టండి" అంటారు. మైనం కరిగించి, మళ్లీ నిలబెట్టి, మళ్లీ చల్లార్చాలి. బయట కుర్చీలో ఉన్నవాళ్లకు అదొక పూట ఆలస్యం.

చల్లారిన మైనం దిమ్మను బ్లాక్ అంటాం. దాన్ని మంచు మీద ఉంచి మైక్రోటోముకు బిగిస్తాను. చక్రం తిప్పిన ప్రతిసారీ నాలుగు మైక్రాన్ల పొర దిగుతుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, లెక్క మీరే వేసుకోండి. పొరలు ఒకదానికొకటి అతుక్కుని రిబ్బనుగా వస్తాయి. కుంచెతో ఎత్తి గోరువెచ్చటి నీళ్ల మీద వదిలితే ముడతలు విప్పుకుని తేలతాయి. అప్పుడు గాజు స్లైడును నీళ్లలో ముంచి, కింది నుంచి మెల్లగా పైకి లేపి పొరను ఎక్కించుకోవాలి. ఆ క్షణంలో ఎవరూ నన్ను పలకరించరు, ఫ్యాను కూడా ఆపేస్తాను. ఆరాక మైనం కడిగేసి రంగులు వేస్తాం. మొదట హిమటాక్సిలిన్, మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి వచ్చే రంగు. దాంట్లోంచి తీసినప్పుడు ఎర్రటి ఊదాగా ఉంటుంది. నల్లా కింద పెడితే మన నీళ్లలోని క్షారానికి నీలంగా మారుతుంది. కణాల గుండెకాయలు నీలంగా తేలతాయి. తరవాత ఇయోసిన్, మిగతాదంతా గులాబీ. పైన సన్నటి గాజు పలక అంటించి, ట్రేలో వరసగా పేర్చి మేడమ్ బల్ల మీద పెడతాను. నా పని అక్కడికి అయిపోతుంది, అంతా సవ్యంగా ఉంటే.

మా ఆవిడ ముక్క కూడా ఈ దారినే వెళ్లింది. చిక్కడపల్లిలో ఒక స్కూల్లో టీచరు, రోజంతా నిలబడే ఉద్యోగం. మోకాళ్ల కింద ఇటుకరంగు చుక్కలు వచ్చాయి. "ఏవండీ, ఇవి దోమలా?" అంది మొదట. నల్లులేమోనని పరుపులు ఎండేశాం. గాజు గ్లాసు పెట్టి నొక్కితే పోలేదు. సీబీపీలో ప్లేట్‌లెట్లు నిక్షేపంలా ఉన్నాయి. డాక్టరు షాంబర్గ్ అని అనుమానించారు. ఫిలడెల్ఫియాలో జే ఫ్రాంక్ షాంబర్గ్ 1901లో వర్ణించిన తేడా అది. కాళ్లలోని సన్నటి నాళాల నుంచి ఎర్రకణాలు కొద్దికొద్దిగా కారి, వాటి ఇనుము చర్మంలో తుప్పురంగుగా మిగులుతుంది. ప్రమాదం లేదు, ఏళ్ల తరబడి ఉండొచ్చు. వాస్క్యులైటిస్ కాదని తేల్చుకోవడానికి ముక్క తీశారు.

నిలబెట్టింది, కోసింది, రంగు వేసింది నేనే. ట్రేలో ఆమె నంబరు చివరి వరసలో పడింది. మేడమ్ ఎప్పటిలాగే మొదటి వరస నుంచి చూసుకుంటూ వచ్చారు. ముందుకు జరపమని అడగొచ్చు. నోరు రాలేదు, ఆ పైవాటి వెనకా ఎవరో ఉన్నారు కదా. సాయంత్రానికి "ఇనుముకు పెర్ల్స్ వేద్దాం" అన్నారు. ఆ రంగు నాకు తెలుసు. ఇనుమున్న చోట ముదురు నీలం తేలుతుంది. మర్నాడు స్లైడు ఆరకముందే తెల్ల కాగితం మీద పెట్టి చూశాను, కళ్లకు ఏమీ ఆనలేదు. మేడమ్ మైక్రోస్కోపులో చూపించారు. పైపొర కింద అక్కడక్కడా నీలం గింజలు. నాళాల గోడలు చెడలేదని ఆమె చెబితే తెలిసింది, నాకైతే అన్ని గోడలూ ఒకేలా ఉన్నాయి. ఇప్పుడు మా ఆవిడ సాక్సులు బిగుతువి వేసుకుంటుంది, క్లాసులో కుర్చీ వేయించుకుంది. చుక్కలు కొన్ని మాసిపోయాయి, కొన్ని కొత్తవి వచ్చాయి.

ఇలా అదనపు రంగు అడిగితే ఒక రోజు పెరుగుతుంది. అడుగుతున్నారంటే చెడ్డదేదో దొరికిందని జనం అనుకుంటారు. కౌంటర్లో "ఇంకో టెస్టు పెట్టారు" అనగానే కళ్లలో నీళ్లు తిరిగినవాళ్లను చూశాను. చాలాసార్లు అది కొట్టిపారెయ్యడానికే వేస్తారు. స్పర్శ తగ్గిన ఎర్రటి మచ్చ వస్తే ఫైట్ అనే రంగు వేస్తాం, కుష్టు క్రిములుంటే ఎర్రటి పుల్లల్లా తేలతాయి. దేశం మొత్తం మీద పదివేలమందికి ఒకటికన్నా తక్కువ స్థాయికి 2005 చివరికి కుష్టు దిగిందని ప్రభుత్వం ప్రకటించాక అందరం దాన్ని మరిచిపోయాం. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మనవే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ 1915లో ఆసుపత్రి పెట్టిన నాడు దీనికి సరైన మందే లేదు. ఇప్పుడు ఆరు నెలలో, ఏడాదో వాడే మందు సర్కారు దవాఖానాలో ఉచితం. ఆ రంగు వేశారని తెలిస్తే మాత్రం ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు.

ఆలస్యానికి ఇంకా కారణాలున్నాయి. మొదటి పొరలో అనుమానపడ్డ చోటు దొరక్కపోతే బ్లాక్‌ను ఇంకా లోతుకి కొయ్యమంటారు. క్యాన్సర్ ఏ రకమో తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీకి ఇంకొన్ని రోజులు. మేడమ్ ఇంకో పాథాలజిస్టుకు చూపించాలనుకుంటే ఇంకొంచెం. దసరా సెలవులు, కరెంటు పోవడం, యంత్రం మొరాయించడం సరేసరి. ఆలస్యమైన రిపోర్టు చెడ్డదనీ, తొందరగా వచ్చింది మంచిదనీ లెక్కేం లేదు. రెండు రకాలూ నా చేతి మీదుగా పోయాయి.

ఇంత చేసి చివరికి కాగితంలో "క్లినికల్ కోరిలేషన్ అవసరం" అని ఉంటే జనానికి మండుకొస్తుంది. డబ్బులు తీసుకుని ఏమీ చెప్పలేదంటారు. మందుల ఎలర్జీ, వైరస్ దద్దురు, పురుగు కుట్టడం, మూడూ స్లైడు మీద ఇంచుమించు ఒకలాగే కనిపించొచ్చు. నాళాల చుట్టూ తెల్లకణాలు గుమిగూడి ఉంటాయి, అంతే. అది ఏ మందు వల్ల, ఏ రోజు నుంచి అన్నది మనిషిని చూసిన డాక్టరుకే తెలుస్తుంది. ఈ విషయంలో నా కోపమంతా ఫారం మీద. వయసు, ఎన్నాళ్ల నుంచి, ఒంట్లో ఏ చోట, ఏ మందులు, డాక్టరుకు ఏ జబ్బులు అనుమానం, ఇవన్నీ రాయడానికి గళ్లుంటాయి. చాలా ఫారాల్లో "ర్యాష్" అన్న ఒక్క మాట ఉంటుంది. అంత ఖాళీ ఫారానికి అంతే ఖాళీ జవాబొస్తుంది. మీ డాక్టరు ఫారం నింపుతుంటే పక్కనే కూర్చుని, వేసుకున్న మందులన్నీ చెప్పండి, ఆయుర్వేదం, హోమియో, జిమ్‌లో పొడి సహా. మచ్చను ముక్క తీసేముందే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. చాలా సందేహాలు మా మేడమ్‌కు ఆ ఫొటోతోనే తీరాయి.

స్లైడ్లు, బ్లాకులు మా దగ్గర ఏళ్ల తరబడి ఉంటాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు, ఇంకో ఆసుపత్రికి వెళితే మళ్లీ ముక్క ఇవ్వాలనుకుంటారు. మొన్న అశోక్‌నగర్ హాస్టల్ కుర్రాడొకడు వాళ్ల నాన్న రిపోర్టు పట్టుకుని వచ్చాడు. పెద్దాసుపత్రిలో చూపిస్తారట, మళ్లీ ముక్క తీస్తారేమోనని నాన్న భయపడుతున్నాడట. అక్కర్లేదు, బ్లాక్ ఇస్తాను, అక్కడే పొరలు కోసుకుని వాళ్లకు కావలసిన రంగు వేసుకుంటారని చెప్పాను. డాక్టరు చీటీ, పాత రిపోర్టు జిరాక్సు, ఒక గుర్తింపు కార్డు చాలు. రెండు స్లైడ్లు, ఒక బ్లాక్ చిన్న పెట్టెలో పెట్టి, రిజిస్టర్లో సంతకం తీసుకున్నాను. "బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలెయ్యకు తమ్ముడూ, మే నెల, మైనం మెత్తబడుతుంది. పని అయ్యాక తెచ్చివ్వు" అన్నాను. తెస్తానన్నాడు. అందరూ అలాగే అంటారు, తేనివాళ్ల జాబితా రిజిస్టర్లో నాలుగు పేజీలుంది.